మనిషి లేని ఫోటో

రంగిపో ఎడారికి వెళ్తున్నానంటే మేముండే హెండర్సన్‌లో ఎవరూ నమ్మలేదు. ఇంత పచ్చగడ్డి దేశంలో ఎడారేమిటన్నారు. నమ్మినవాడు యెహెజ్కేలు ఒక్కడే. మా పక్కింటాయన, వృద్ధాశ్రమంలో నర్సు. నమ్మి ఊరుకోకుండా ఇస్త్రీ ప్యాంటు వేసుకొచ్చి కారెక్కాడు.

"ఎడారికి ఇస్త్రీ ఎందుకయ్యా?"

"ఫోటోలన్నారు కదండీ, రావు గారూ!"

ప్రమాదం అప్పుడే పసిగట్టాల్సింది. మా కెమెరా క్లబ్బు పోటీకి నాకు ఒక్క ఫోటో కావాలి. అందులో మనిషి జాడ ఉండకూడదన్నది నియమం. మూడేళ్లుగా పంపుతున్నాను, ఒక్కటీ క్లబ్బు గోడకెక్కలేదు. నా భార్య సరోజ పోయాక నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది ఆ గోడే. ఈసారి ఎలాగైనా ఎక్కించాలి. క్లబ్బులో సగం మంది డిజిటల్‌కి మారిపోయారు, నాది ఇంకా రీలు కెమెరానే.

కాలిబాట వదిలేసి, నల్ల ఇసుకలో, గాలి నునుపు చేసిన రాళ్ల మీదుగా పొద్దంతా తిరిగాం. నేను ఎక్కడ కెమెరా ఎత్తినా ఎదురుగా యెహెజ్కేలు ప్రత్యక్షం. ఒక చెయ్యి రాతి మీద, ఇంకోటి నడుం మీద.

"కాస్త పక్కకి జరగవయ్యా."

"ఉత్త రాయి తీస్తారా? మనం వచ్చామని ఎవరు నమ్ముతారండీ? మా ఆవిడ ఫ్లోరెన్స్ అయితే, ఇది మన పెరట్లో రాయే అంటుంది."

కోపం రాలేదు. సరోజా అంతే. ఏ కొండా, ఏ సముద్రమూ ఆమెను దాటుకుని నా కెమెరాలోకి రాలేదు. అప్పట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆల్బమ్ ఎక్కడ తెరిచినా ఆమే.

రీల్లో ఆఖరి ఫోటో మిగిలినప్పుడు అసలైన రాయి కనిపించింది. ఏనుగు వీపంత నున్నన, సాయంకాలపు ఎండలో రాగి రంగు. యెహెజ్కేలు పైకెక్కాడు, నిలబడ్డాడు, దువ్వెన తీశాడు, జారాడు. కూర్చున్న పళాన ఎంతో హుందాగా కిందిదాకా వచ్చేశాడు. చర్రుమని చప్పుడైంది.

"దెబ్బ తగిలిందా?"

"నాకేం కాలేదండీ, ప్యాంటుకే! ఇటు చూడకండి!" అంటూ పక్కనున్న బండ చాటుకి పరుగెత్తాడు. "నేనిక రాను. మీ రాయిని మీరే తీసుకోండి!"

దేవుడి దయ ఇలా కూడా వస్తుందన్నమాట అనుకుని కెమెరా కంటికి పెట్టాను. రాయి, ఎండ, మరేమీ లేదు. నొక్కబోతుంటే బండ పక్కనుంచి పొడుగాటి నీడ ఒకటి రాతి మీదికి పాకింది. చిరుగు ఎంతుందో చూసుకోవడానికి ఆ నీడ మెడ తిప్పింది, నడుం తిప్పింది, చివరికి వంగి కాళ్ల సందులోంచి తొంగిచూసింది.

ఎండ కొండ వెనక్కి జారిపోతోంది. కూర్చోమని ఒక్క కేక వేస్తే చాలు, నా ఫోటో గోడకెక్కేది. కానీ నవ్వుకి కెమెరా వణుకుతోంది. ఊపిరి బిగబట్టి, నీడ ఇంకాస్త వంగేదాకా ఆగి, నొక్కేశాను.

"అయిపోయిందా?" బండ వెనకనుంచి గొంతు. "నేను లేకుండానే తీసేశారా?"

"తీసేశానయ్యా."

"అయ్యో," అన్నాడు జాలిగా, "రీలు వేస్టు."