పడవవాడి రెండో రూపం

వాషింగ్ మెషీన్ నలభై రెండు నిమిషాలు తిరుగుతుంది. ఆమె ఆడుకునేది ఆ నలభై రెండు నిమిషాలే. మూత వేసి, చేతులు తుడుచుకుని, టీవీ ముందు నేల మీద కూర్చుంటుంది. సోఫాలో కూర్చోదు. సోఫాలో కూర్చున్న ఆడమనిషి ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆట భర్తది. మొదటి ఆట ఆయనే పూర్తి చేశాడు. తర్వాత దానికి అదనపు భాగం ఒకటి వచ్చింది, డీఎల్‌సీ అంటారు. అదీ దించుకున్నాడు. అందులో ఒక దీవి, దీవిలో ఏడుగురు బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు. ఒకణ్ణి చంపితే తప్ప తర్వాతి వాడి దగ్గరికి దారి తెరుచుకోదు. భర్త మూడోవాడి దగ్గర వారం రోజులు చచ్చాడు. చివరికి కంట్రోలర్ సోఫాలోకి విసిరేసి, "ఇది మనుషులు ఆడే ఆట కాదు" అన్నాడు. ఆ వారమంతా ఆమె పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ చూసింది. కొట్టబోయే ముందు ఆ మూడోవాడి ఎడమ భుజం కాస్త కిందికి దిగేది. భర్తకు అది కనబడలేదు. ఆమెకు కనబడింది.

కనబడకపోతేనే వింత. పంతొమ్మిదేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. భర్త తాళంచెవులు బల్ల మీద పెట్టిన చప్పుడును బట్టి ఆఫీసులో ఏం జరిగిందో తెలుసుకోవాలి. అత్తగారు దగ్గిన తీరును బట్టి ఆవిడకు మంచినీళ్లు కావాలో, మాట్లాడే మనిషి కావాలో తెలుసుకోవాలి. ఆసుపత్రి ల్యాబ్‌లో ఆమె పని రక్తం తీయడం. సూది చూడగానే బిగుసుకునే చెయ్యి ఏదో, కళ్లు తిరిగి పడేవాళ్లెవరో ముందే పసిగట్టాలి. నరం దొరకని చేతులన్నీ ఆమె దగ్గరికే పంపుతారు. దొరికాక, "ఆవిడ చెయ్యి మంచిదిలే" అంటారు. కొత్తవాళ్లకు నేర్పే పని మాత్రం పక్క సీటాయనకు ఇచ్చారు. "ఆవిడకు ఇల్లుంది కదా" అన్నారు. ఆయనకూ ఇల్లుంది. ఇదంతా ఆమె ఎవరితోనూ అనలేదు. మూడోవాణ్ణి నాలుగు రోజుల్లో చంపింది. మూడు నెలల్లో ఆరోవాడి దాకా చంపింది. భర్తకు తెలిసినప్పుడు నవ్వాడు. "ఈ వయసులో నీకీ బొమ్మలాటేంటి?" ఆయన ఆమెకంటే నాలుగేళ్లు పెద్ద.

ఏడోవాడు పడవవాడు. తాటిచెట్టంత మనిషి, చేతిలో తెడ్డు. తెర మీద వాడి ప్రాణం చూపే గీత సగానికి తగ్గగానే తెడ్డు విరిచి పారేస్తాడు. రేవంతా నీళ్లు కమ్ముతాయి. అది వాడి రెండో రూపం. అక్కణ్ణుంచి కన్ను ఆర్పడానికి వీల్లేదు. పైగా ఈ ఆటను మధ్యలో ఆపే మీట లేదు. నువ్వు చెయ్యి తీస్తే నీ మనిషి ఊరికే నిలబడి ఉంటుంది, వాడు వచ్చి కొడతాడు. "అమ్మాయ్, నా కళ్లజోడేదీ?" చచ్చింది. "ఏమోయ్, గ్యాస్ అతను వచ్చాడు, చూడు." చచ్చింది. అరవై ఒక్కసారి చచ్చింది. అందులో పడవవాడి చేతిలో చచ్చినవి ముప్పై ఎనిమిది. మిగతావి ఇంటివాళ్ల చేతిలో.

శనివారం భర్త చెప్పాడు.

"రేపు తమ్ముడొస్తున్నాడు. ఈ గేమ్ పెట్టె వాడికిచ్చేస్తున్నా. ఇక్కడ ఆడేవాళ్లెవరున్నారు?"

"నేను ఆడుతున్నాను కదా."

"నువ్వాడేది కూడా ఆటేనా?"

ఆమె లెక్కేసుకుంది. ఇంకొక్క బాస్ మిగిలాడు. ఒక్క రోజు ఉంది.

ఆదివారం ల్యాబ్‌కు సెలవు. పొద్దున్నే వంట చేసేసి కూర్చుంది. మెషీన్ వేయలేదు. అప్పుడు ఒక సంగతి గమనించింది. ఇంట్లో ఎవరూ పిలవడం లేదు. అత్తగారు నిద్రపోతున్నారు, భర్త తమ్ముడి కోసం బస్టాండుకు వెళ్లాడు. అయినా చేతులు ఆలస్యంగానే కదులుతున్నాయి. ఎందుకని చూసుకుంటే, చెవి ఒకటి వంటింట్లో ఉంది, ఒకటి వాకిట్లో ఉంది. ఎవరైనా పిలుస్తారేమోనని ఒళ్లు సగం లేచే ఉంది. అలా సగం లేచిన ఒంటితోనే ఇన్నేళ్లూ తింది, చదివింది, పడుకుంది. ఇన్నాళ్లూ తనను పిలుపులు చంపుతున్నాయనుకుంది. పిలుపు కోసం కాచుకోవడం చంపుతోంది. వాడి తెడ్డు కంటే ముందు ఆ చెవిని లాక్కోవాలి.

లేచి సోఫాలో కూర్చుంది. వీపు వెనక్కి ఆనించింది.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. అన్నదమ్ములిద్దరూ లోపలికి వచ్చారు.

"బాగున్నావా వదినా?" అన్నాడు మరిది.

"బాగున్నాను. కూర్చో" అంది, తల తిప్పకుండా.

"టీ పెట్టు" అన్నాడు భర్త.

తెర మీద తెడ్డు ఎడమనుంచి వచ్చింది. ఆమె మనిషి పక్కకు దొర్లింది. రెండు దెబ్బలు వేసి వెనక్కి జరిగింది.

"నిన్నే. టీ."

తెడ్డు విరిగింది. నీళ్లు కమ్మాయి.

"అమ్మాయ్, ఎవరొచ్చారు?" లోపల్నుంచి అత్తగారు.

"చిన్నబ్బాయి వచ్చాడు అత్తయ్యా" అంది. చేతులు ఆగలేదు. మాట వేరు, చెయ్యి వేరు అయ్యాయి. ఇంతవరకూ అలా జరగలేదు.

మరిది ముందుకు వంగాడు. "అన్నయ్యా, వీడు ఆఖరివాడు కదూ?"

"ఏమో" అన్నాడు భర్త.

"వదినా, వాడు మునిగాడు. వెనకనుంచి వస్తాడేమో."

"కుడినుంచి వస్తాడు. నీళ్లు అటే కదులుతున్నాయి."

కుడినుంచే వచ్చాడు. వాడి ప్రాణం వేలెడంత మిగిలింది. గోరంత మిగిలింది. అప్పుడు వాడు ఆమె ఇంతవరకూ చూడనిది ఒకటి చేశాడు. పడవనే ఎత్తి విసిరాడు. తెర నల్లబడింది.

ఈ చావు ఆమె సొంతం. ఎవరో పిలిస్తే వచ్చింది కాదు. పడవ విసిరే ముందు వాడి మోకాళ్లు వంగాయి. అది చూసింది.

"అయిందిగా. వైర్లు పీకి సర్దు. వాడు మధ్యాహ్నం బండికే వెళ్లాలి" అన్నాడు భర్త.

"పెట్టె వెళ్లదు" అంది.

"అన్నయ్యా, నాకు తొందరేం లేదు" అన్నాడు మరిది. భర్త అటు చూడలేదు.

"మరెప్పుడిస్తావు?"

"వీడు చచ్చాక."

"ఎవరు చచ్చాక?" లోపల్నుంచి అత్తగారి గొంతు.

"చావకపోతే?" అన్నాడు భర్త.

ఆమె మీట నొక్కింది. రేవు మళ్లీ వచ్చింది.

"టీ పొడి పైనుంచి రెండో అరలో ఉంది" అంది. "నాకూ ఒక కప్పు."