దగ్గు లేని వీధి

ఆరోగ్య కార్యాలయం గోడకు తగిలించిన పటంలో దిగువ వీధి నవనవలాడే పచ్చరంగులో ఉంది. పచ్చ అంటే జబ్బు లేదని, పసుపు అంటే కొంచెం ఉందని, ఎరుపు అంటే కొంప మునిగిందని. ఊరు మొత్తంలో అంత ముచ్చటైన పచ్చ మరే వీధికీ దక్కలేదు. ఇంటింటి జబ్బుల లెక్క రాసే సర్వే అక్క మాత్రం దానివంక చూడలేక తల దించుకుంది. ఆ రంగు ఆమె చలవే మరి.

ఆమెకు మూడు వీధులు, నాలుగు వందల ఇళ్లు అప్పగించారు. నెలకోసారి ప్రతి తలుపూ తట్టి, రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు ఉన్నారా అని అడిగి, ఫోనులో ఫారం నింపాలి. గడి ఖాళీగా వదిలితే ఫారం వెనక్కి వచ్చేది, దాని వెనకే చివాట్లూ వచ్చేవి. 'లేదు' అని నొక్కితే మాత్రం కిక్కురుమనకుండా ముందుకు పోయేది. దిగువ వీధికి వెళ్లాలంటే ఎనభై రెండు మెట్లు దిగాలి. ఆమె మోకాళ్ల నొప్పి అబద్ధం కాదు గానీ, కుర్చీ వేసి ఫ్యాను తిప్పే కొత్త కాలనీ మేడలు ఎక్కేటప్పుడు ఆ నొప్పి కాస్త మర్యాదగా ఉండేది. అలా పద్నాలుగు నెలలు ఆమె పై మెట్టు మీదే కూర్చుని, కింద ఉన్న ప్రతి ఇంటికీ 'లేదు' నొక్కింది. ఆ కింది ఇళ్లలో సొంత అన్నయ్య ఇల్లూ ఒకటి.

నిన్న మధ్యాహ్నం వదిన ఫోను చేసింది.

"పిచ్చుకకి రెండు నెలల నుంచి దగ్గు తగ్గట్లేదు. నువ్వొకసారి వచ్చి చూడమ్మా."

పిచ్చుక అంటే తొమ్మిదేళ్ల మేనకోడలు. గలగలా మాట్లాడుతుందని ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు. సర్వే అక్క మెట్లు దిగి వెళ్లేసరికి ఆ పిల్ల గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. "అత్తా" అన్న ఒక్క మాటకే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. మెడ కింద ఎముకలు లెక్కపెట్టవచ్చు. సర్వే అక్కకు పైప్రాణాలు పైనే పోయాయి.

"భయపడకు వదినా. ఇది క్షయే అయినా మందులకి లొంగేదే. ఆరు నెలలు మానకుండా వాడాలి, అంతే. గురువారం డాక్టర్ల వ్యాను వస్తుందిగా, తీసుకురా," అని ధైర్యం చెప్పి బయటికి వచ్చింది.

మెట్ల దాకా నడుస్తుంటే వినపడింది. ఒక కిటికీలోంచి దగ్గు, రెండిళ్లవతల మరో దగ్గు, నీళ్ల కుళాయి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ముసలావిడది ఇంకొకటి. ఆమె పైకి చేరేదాకా ఆ దగ్గులు వెంట వస్తూనే ఉన్నాయి.

ఇవాళ పొద్దున సమావేశం. వీధుల మధ్య ఆరోగ్యంలో ఉన్న తేడాలు తగ్గించడానికి కొత్త ప్రణాళిక. ప్రణాళిక అధికారి మంచివాడే, పాపం. జబ్బు ఎక్కడుంటే వైద్యం అక్కడికే పోవాలన్నది ఆయన పట్టుదల. అందుకే గురువారం వ్యానును పచ్చగా ఉన్న దిగువ వీధి నుంచి తీసి, ఎర్రగా ఉన్న కొత్త కాలనీకి పంపాలని రాసుకొచ్చాడు. కాలనీవాళ్లు తుమ్మినా ఫోను చేస్తారు, ఎర్రబడక ఏమవుతుంది!

సర్వే అక్క కుర్చీలోంచి లేవబోయింది. పక్కనున్న గుమాస్తా చెయ్యి పట్టి ఆపాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వాళ్లే నోరెత్తట్లేదు. నువ్వు నోరు తెరిస్తే ముందు పోయేది నీ ఉద్యోగమే."

ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు. అయినా లేచింది.

"సార్, ఆ పచ్చ నాది. నేను కిందికి వెళ్లకుండానే లేదని నొక్కాను. అక్కడ ఇంటింటా దగ్గుంది సార్. మా అన్నయ్య కూతురికీ ఉంది."

అధికారి ఆమెను వదిలి, మిగిలిన సర్వేవాళ్ల వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అందరూ ఒక్కసారిగా ఫోన్లలోకి తలలు దించారు. అప్పుడాయన పటం వైపు తిరిగి, దానిమీద ఉన్న పచ్చ వీధులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సాయంత్రం ఐదింటికి ప్రణాళిక పైకి పోతుంది. ఈలోగా పేర్లు తీసుకురండి," అన్నాడు. "మీరు నోటితో చెబితే సరిపోదు. కనీసం పదిమంది పేర్లుంటే వ్యాను కాలనీకి పోకుండా ఆపగలను."

ఆమె బస్సు దిగి మెట్ల దగ్గరికి చేరేసరికి, ఆమె కంటే ముందే కబురు కిందికి దిగిపోయింది. గుమాస్తా బావమరిది రంగుల కార్ఖానాలో మేస్త్రీ. దిగువ వీధిలో సగం ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ కార్ఖానా కూలితోనే. దగ్గు జాబితాలో ఏ ఇంటి పేరు ఎక్కితే ఆ ఇంటివాళ్లు రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదని మేస్త్రీ మధ్యాహ్నమే చాటించేశాడు.

మొదటి ఇంట్లో దగ్గు లేదన్నారు. రెండో ఇంట్లోనూ అదే మాట. నిన్న కుళాయి దగ్గర చూసిన ముసలావిడ, "దగ్గా? నాకా? పొలమారిందమ్మా," అంది. మాట పూర్తవుతూనే లోపలికి పరుగెత్తి తలుపు మూసుకుంది. తలుపు వెనక ఆవిడ చాలాసేపు దగ్గింది. ఒక్క పేరూ రాయలేక, ఇరవై ఇళ్లు తిరిగి అన్నయ్య గుమ్మం ఎక్కింది సర్వే అక్క.

గుమ్మంలో అన్నయ్యే నిలబడి ఉన్నాడు. వెనక వదిన, పిల్ల నోటిని అరచేత్తో మూసి పట్టుకుని ఉంది.

"మా ఇంట్లో ఎవరికీ దగ్గు లేదు," అన్నాడు.

"అన్నయ్యా, పేర్లు లేకపోతే వ్యాను రాదు. మందులు రావు. దీన్ని చేజేతులా..."

"నాకు పని పోతే దీనికి అన్నం ఎక్కణ్ణించి వస్తుందే?" అతని గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు. "నెలనెలా లేదనే రాశావు కదా చెల్లీ. ఇదొక్కసారి రాయలేవా?"

ఆమె పిల్ల వంక చూసింది. వదిన చేతి వెనక పిల్ల ఒళ్లంతా అదిరిపోతోంది. బయటికి రానివ్వని దగ్గు కళ్లలోంచి నీళ్లై కారుతోంది.

సర్వే అక్క 'ఉంది' అని నొక్కింది. పేరు అడిగితే, ఆ పిల్లకు బడిలో ఉన్న అసలు పేరు ఒక్కో అక్షరమే కొట్టి పంపింది. అన్నయ్య ఆమె వేళ్లవంకే చూస్తూ నిలబడి, అయ్యాక తలుపు వేసేశాడు.

ఆ చప్పుడుకు ఎదురింటి తలుపు కూడా మూసుకుంది. దాని పక్కది, ఆ పక్కది, అలా వీధి చివరిదాకా గడియలు పడుతూనే ఉన్నాయి. ఐదు గంటలకు ఇంకా గంటన్నర ఉంది. కావలసిన పది పేర్లలో ఆమె దగ్గర ఒక్కటే ఉంది.