పొడుగు మెసేజ్

మా క్లాసు గ్రూపులో పొట్టి రాతలదే రాజ్యం. గుడ్ మార్నింగ్ అంటే రెండక్షరాలు. ఓకేలో ఓ కూడా పీకేసి ఉత్త 'కే'. ఎవరైనా లైను దాటి రాస్తే చదవకూడదని రూలు. అందరం వరసగా 'కే'లు కొట్టి ఆ మెసేజీని పైకి తోసేస్తాం. నా రూమ్మేటు మాత్రం "అందరికీ నమస్కారం, ఒక చిన్న మనవి" అంటూ చుక్కలు, కామాలతో సహా రాసేది. అందుకే దానికి అమ్మమ్మ అని పేరు. పెట్టింది నేనే.

ఆఖరి పరీక్ష రోజు పొద్దున, గది ఖాళీ అనుకుని అలవాటుకొద్దీ బయట తాళం వేసి కాలేజీకి వచ్చేశాను. అమ్మమ్మ బాత్రూములో ఉంది. ఎనిమిదింపావుకి నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. చదువుకుంటుంటే దీని గోలేంటని కట్ చేశాను. తర్వాత గ్రూపులో మెసేజ్ పెట్టింది. నేనొక్కదాన్నే చివరిదాకా చదివాను. నీళ్ల చప్పుడులో తాళం వేయడం వినపడలేదట. హాస్టల్లో ఎవరూ లేరట, అరిచినా పలకడం లేదట. దయచేసి తాళంచెవి పంపండి, ఈ పరీక్ష తప్పితే నాకు ఏడాది పోతుంది అని రాసింది.

తాళంచెవి నా సంచిలోనే ఉంది. హాస్టల్ పది నిమిషాల నడక. పరీక్ష తొమ్మిదింటికి.

ఈలోగా 'కే'లు మొదలయ్యాయి. "అమ్మమ్మ ఇవాళ కూడా పురాణం విప్పిందే!" అని పక్కమ్మాయి పకపకా నవ్వింది. ఇప్పుడు లేచి వెళ్తే రేపటినుంచి నాకూ ఒక పేరు పెడతారు. నేనూ 'కే' కొట్టి ఫోన్ ఆపేశాను.

పదింటికి గదులు ఊడ్చే ఆవిడ కేకలు విని తాళం పగలగొట్టించింది. అరగంట దాటితే పరీక్షకి రానివ్వరు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ పిలిచారు.

"మెసేజ్ చదివావా?"

"లేదు సార్. పొడుగ్గా ఉంటే ఎవరం చదవం."

ఆయన అమ్మమ్మ వైపు తిరిగారు. "ఇంత వ్యాసం ఎందుకమ్మా? తాళం అని ఒక్క ముక్క రాస్తే పరిగెత్తుకొచ్చేవాళ్లుగా! వచ్చే ఏడు రాసుకో."

"సాయం అడిగేటప్పుడు మర్యాదగా అడగాలని మా నాన్న చెప్పారు సార్" అంది, ఏడుస్తూ.

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "నావల్ల నీకు కూడా మాట వచ్చింది. ఏమీ అనుకోకే."

"పర్లేదులే" అన్నాను.