నీళ్లు చల్లిన రోజు పేజీ

రెండో తరగతి అయిపోయిన ఎండాకాలం బుడాన్ గేదెల వెనక తిరిగాడు. రెండు నెలలు పలక ముట్టలేదు. బడి తెరిచాక పంతులు గుణింతం రాయమంటే చెయ్యి కదల్లేదు. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుకు బయటికొచ్చినవాడు మళ్లీ బడి గడప తొక్కలేదు. అరవై ఏళ్లు దాటిపోయినా ఆ నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు.

అందుకే మనవరాలు సిద్దికాను ఐదో తరగతి సెలవులకు పంపుతూ శాంతి టీచర్ "రోజుకో పేజీ రాయండి, కళ్లతో చూసిందే రాయండి" అని చెబితే, ఆ మాటను పిల్లకంటే తాతే గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల తల్లి పత్తి మిల్లు పనికి పోతుంది. ఇంట్లో ఎవరూ ఉండరు గనక సిద్దికాను తనతోపాటే సత్తెనపల్లి రోడ్డు పక్క మిరప కల్లానికి తీసుకొచ్చేవాడు. బుడాన్ పని కాయ తిరగెయ్యడం, గాలొస్తే పట్టాలు కప్పడం. రేకుల షెడ్డు కింద ఇరవై మంది ఆడవాళ్లు తొడిమలు తీసేవాళ్లు. సిద్దికా వాళ్ల మధ్య కూర్చుని కాసేపు తనూ తొడిమలు తీసేది. ఆపైన ఆ చేతులతోనే పుస్తకం పట్టేది.

"పేజీ అయిందా?" మధ్యాహ్నం సద్ది విప్పేముందు అడిగేవాడు బుడాన్.

"సగం అయింది తాతా."

"మిగతా సగం ఎవరు రాస్తారు, మీ టీచరమ్మా? రాయి, తర్వాత తిందాం."

"ఏం రాయను? రోజూ కాయే, రోజూ తొడిమే!"

"అయితే పుల్లమ్మ తిట్లు రాయి. రోజుకొకటి కొత్తది తిడతది."

"నన్నెందుకు రాయడం, ముసలోడా?" పుల్లమ్మ తన కుప్ప దగ్గర్నుంచే అరిచింది. "రాస్తే మా ఆయన తాగుడు రాయమను. రెండు పుస్తకాలు చాలవు!"

ఆ మంగళవారం కాయను బస్తాలకెత్తే రోజు. ఎండిన కాయను తొక్కి నింపేటప్పుడు పొడైపోకుండా ముందుగా నీళ్లు చల్లుతారు. పొద్దున్నే వచ్చిన ట్యాంకరు నీళ్లన్నీ మేస్త్రీ ప్రేమ్‌చంద్ కాయ మీదే చల్లించాడు. తాగే డ్రమ్ము ఖాళీ. అడిగితే, "సాయంత్రం ఇంకో ట్యాంకరొస్తది. ఈలోగా చచ్చిపోరులే" అన్నాడు. సిద్దికాను ఆ రోజు రాయమని ఎవరూ పోరలేదు. తనంతట తనే పేజీ నింపింది.

రాసింది చదివి వినిపిస్తుంటే ఆడవాళ్లు మూగారు. పుస్తకం చేతులు మారింది. చదువు రానివాళ్లు కూడా అక్షరాల మీద వేలు పెట్టి చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే ప్రేమ్‌చంద్ వచ్చాడు.

"పని మానేసి ఏందిది? ఇటియ్యి."

పుస్తకం లాక్కుని, అలవాటు చొప్పున వేలు నాలిక మీద తడుపుకుంటూ ఒక్కో పేజీ తిప్పాడు. పదేళ్లుగా మిరపలో బతుకుతున్నవాడు కాయ ముట్టుకున్నాక చెయ్యి నోటి దగ్గరికి పోనివ్వడు. కానీ పుస్తకాన్ని ఎవరు అనుమానిస్తారు? చివరి పేజీ పైకే చదివాడు.

"ఈరోజు కాయలకు నీళ్లు పోశారు. మాకు పొయ్యలేదు. కరీమున్ పెద్దమ్మ కళ్లు తిరిగి కూర్చుంది. కాయలు తాగాక మిగిలితే మాకు ఇస్తారేమో అనుకున్నాను. మిగల్లేదు."

అక్కడికొచ్చేసరికి గొంతు పట్టేసింది. నాలిక భగ్గుమంది. ముక్కు కారింది. అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇక చూడాలి అవస్థ!

"నీళ్లు! ఎవరన్నా నీళ్లివ్వండే!"

"యాడియ్యి మేస్త్రీ?" అంది పుల్లమ్మ, చేతిలో కాయ వదలకుండానే. "అన్నీ కాయే తాగింది గదా."

షెడ్డంతా గొల్లున నవ్వింది.

మంట దిగకముందే కోపం ఎక్కింది ప్రేమ్‌చంద్‌కు. పుస్తకం సిద్దికా ఒళ్లో పడేశాడు. "ఆ పేజీ చింపు. ఓనరు చూస్తే నా కొంప మునుగుద్ది. చింపకపోతే మీ తాత రేపట్నించి ఇటు రావక్కర్లా."

సిద్దికా తాత వంక చూసింది. పేజీ అంచు పట్టుకుంది. "చింపేస్తా తాతా. ఇంక రాయను."

ఆ చివరి మాట విని బుడాన్ చేతిలో చీపురు పక్కన పెట్టాడు. నిదానంగా వచ్చి పిల్ల చెయ్యి మీద చెయ్యేశాడు.

"అబద్ధం రాశావా?"

"లేదు."

"మరెందుకు చింపుతావ్?"

"నీ పని పోద్దిగా."

"పోతే నా పని పోద్ది. దానికి నువ్వెందుకు రాయడం మానాల? చింపమాక." మేస్త్రీ వైపు తిరిగాడు. "ప్రేమ్‌చందూ, నల్లపాడులో కూడా కల్లాలున్నయ్యి. రేపు రానులే. పిల్ల మాత్రం పేజీ చింపదు."

"ఏందయ్యా నీ పొగరు? రెండక్షరాలు రానోడివి!"

"అవునబ్బాయ్, రావు. అందుకేగా దీన్ని రాయమనేది." పిల్ల పక్కనే చతికిలబడ్డాడు. "ఇంకో పేజీ తియ్యమ్మా. ఇప్పుడు మేస్త్రీ అన్నదంతా రాయి."

"ఈరోజుది అయిపోయింది కదా తాతా?"

"రెండు రాస్తే మీ టీచరమ్మ కొడద్దా?"

"నా పేరు కూడా రాయి పిల్లా, ఇంటిపేరుతో సహా" అంది పుల్లమ్మ.

"నాదీ" అంది కరీమున్. ఎండిన గొంతులోంచి సగమే వచ్చింది మాట.

సిద్దికా పెన్సిలు తీసింది. ప్రేమ్‌చంద్ ఎర్రబడ్డ కళ్లతో ఆమె నెత్తి మీదుగా వంగాడు.

"ఏం రాస్తున్నావే?"

పిల్ల తలెత్తలేదు.

"ఆగు మావయ్యా. అయ్యాక చదువుతా."