మందు మీటింగు

ఆదివారమైనా బోట్లకు సెలవుండదు. నాంచారయ్య ఇనప కొక్కెంతో ఐసు దిమ్మను లాగి, మిషను నోట్లోకి తోసి, పొడిని ట్రేలకెత్తుతున్నాడు. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో పాతికేళ్లుగా అదే పని. వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయాయి. గోళ్లు ఊడి, మొలిచి, మళ్లీ ఊడి, అసలు ఆకారం మరిచిపోయాయి. చలికి ఓ గుక్క అని మొదలుపెట్టాడు. బందరులో చలి ఎన్నాళ్లుంటుందో అందరికీ తెలిసిందే.

ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి చుక్క ముట్టలేదు. "మళ్లీ తాగితే ఇక్కడిదాకా తీసుకొచ్చే శ్రమ ఉండదమ్మా" అని డాక్టరు అతని భార్య వీరదుర్గతో చెప్పాడు. ఆ మాట విని గుమ్మం దగ్గర ఏడుస్తుంటే నర్సు ఆమెను పక్కకు పిలిచి, తాగుడు మానేవాళ్లు ప్రతి ఆదివారం మూడింటికి బస్టాండు వెనక చర్చి పక్క గదిలో కలుస్తారని చెప్పింది.

మానడం నాంచారయ్యకు కొత్త కాదు. మూడుసార్లు అయ్యప్ప మాల వేశాడు. నలభై ఒక్క రోజులూ నిప్పులా ఉన్నాడు. కొండ దిగి ఇంటికొచ్చిన మర్నాడే కరువంతా తీర్చుకున్నాడు. అందుకే వీరదుర్గకు అతను మానేశాడంటే సంతోషం కలగదు, భయం వేస్తుంది.

మధ్యాహ్నం అన్నం పెట్టి, ఉతికిన చొక్కా చేతికిచ్చింది.

"సిగ్గుపడమాక మావా, నలుగుర్నీ అడిగెళ్లు. తాగి మాత్రం ఆ గడప తొక్కమాక. గుడిలాంటిదంట."

"ఎందుకు తాగుతానే" అన్నాడు.

బస్సులో దారంతా అడగాల్సిన మాట మనసులో వల్లించుకున్నాడు. తాగుడు మానేవాళ్ల మీటింగు ఎక్కడండీ. తీరా బస్టాండు బయట టీకొట్టు దగ్గర నలుగురూ తనవైపు తిరిగేసరికి సిగ్గేసింది. సగం మాట మింగేశాడు.

"మందు మీటింగు ఎక్కడండీ?"

ట్రాలీ ఆటో పక్కన నిలబడ్డ మనిషి నవ్వాడు. "దానిక్కూడా అడ్రసు కావాలా బావా? ఎక్కు, మేమంతా అక్కడికే."

ఆటోలో పదిమంది ఉన్నారు. అందులో హార్బరులో వలలు బాగుచేసే లక్ష్మయ్య కూడా ఉన్నాడు. వీడు కూడా మానదామనుకుంటున్నాడా అని నాంచారయ్య ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్లూ ఈ బాధ తనొక్కడికేననుకున్నాడు. లక్ష్మయ్య జరిగి చోటిస్తే పక్కన కూర్చున్నాడు. ఆ కాసేపూ అతనికి నిజంగా సంతోషం వేసింది.

ఆటో ఊరిచివర మైదానంలో ఆగింది. షామియానాలు, జెండాలు, మైకులో పాటలు. అదేదో పార్టీ మీటింగు. దిగినవాడికల్లా ఓ సంచి చేతిలో పెట్టారు. లోపల బిర్యానీ పొట్లం, నీళ్ల ప్యాకెట్టు, క్వార్టరు సీసా.

"స్పీచులయ్యేదాకా ఆగమన్నారు. ఎవడు చూడొచ్చాడు?" అంటూ లక్ష్మయ్య తన సీసా మూత తిప్పాడు.

ఆ చప్పుడు వినగానే నాంచారయ్యకు తను ఎక్కడికి వచ్చాడో పూర్తిగా అర్థమైంది. లేచి వెళ్లిపోవచ్చు. ఎవరూ కట్టెయ్యలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. మైకులో ఎవరో మహిళల భద్రత గురించి మాట్లాడుతుండగా తాగేశాడు. బిర్యానీ ముట్టుకోలేదు.

తాగాక మాట సులువుగా వచ్చింది. బస్టాండు దాకా నడిచొచ్చి, పూలమ్ముకునే ఆవిడ ముందు నిలబడ్డాడు. "తాగుడు మానేవాళ్ల మీటింగు ఎక్కడమ్మా?" అని ఒక్క అక్షరం మింగకుండా అడిగాడు. ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సందువైపు చూపించింది.

గది తలుపు ఓరగా వేసి ఉంది. బయట పది జతల చెప్పులున్నాయి. నాంచారయ్య కూడా చెప్పులు విడిచి గడప ముందు నిలబడ్డాడు. లోపల ఎవరో, "ఇవాళ్టికి నాలుగేళ్లండీ. మా అమ్మాయి నాతో మాట్లాడుతోందండీ" అంటున్నాడు. చప్పట్లు కొట్టారు. నాంచారయ్య అరచేయి నోటి దగ్గర పెట్టుకుని ఊది, వాసన చూసుకున్నాడు. ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. మాలలో ఉండి తప్పు చేసినవాడు సన్నిధానం మెట్టెక్కడు. అతనికి తెలిసిన నియమం అదొక్కటే. సందు చివరిదాకా వెళ్లాక, ఏడుపొచ్చి, పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

పొద్దుగూకే వేళకు ఐసు ఫ్యాక్టరీ వెనక ఊకగుట్ట మీద ముఖం అటు తిప్పి పడుకున్నాడు. తాగినప్పుడల్లా పడుకునే చోటే కాబట్టి ఎవరూ లేపలేదు. తెల్లారి వీరదుర్గ వచ్చి లేపితే లేవలేదు. ముఖం కింద ఊక ఎర్రగా గడ్డకట్టి ఉంది.

పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం వీరదుర్గ ఆ గది వెతుక్కుంటూ వెళ్లింది. కుర్చీలు సర్దుతున్న ఆనందరావు అనే పెద్దాయన బయటికొచ్చాడు.

"మా ఆయన నాంచారయ్య ఇక్కడికొచ్చాడాండీ?"

"ఆ పేరుగల మనిషెవరూ రాలేదమ్మా."

"ఆయన పోయిన రోజు తాగాడండీ. తాగి గడప తొక్కొద్దని నేనే చెప్పానండీ."

ఆనందరావు కాసేపు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"తాగొచ్చినా రానిస్తామమ్మా. నేను వచ్చిన మొదటిరోజు ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేకపోయాను."

వీరదుర్గ గడప పక్కన కిందికి చూస్తోంది.

"అవా? రెండు వారాల కిందట ఎవరో వదిలేసి వెళ్లారు. మళ్లీ వస్తారేమోనని తియ్యలేదు" అన్నాడు ఆనందరావు.

నీలంపట్టీల హవాయి చెప్పులు, ఎడమదాని పట్టీ ఊడిపోకుండా ఆమె గుచ్చిన పిన్నీసుతో సహా, గదివైపే తిరిగి ఉన్నాయి.