తోవ ఇయ్యిన్రి

నవనీత మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీర కొంగు నేస్తోంది. లోపలి గదిలో తండ్రి బాలకిష్టయ్య దగ్గుతున్నాడు. ఆ దగ్గు వినిపిస్తున్నంతసేపూ ఆమెకు ధైర్యం. కాసేపు ఆగితే చాలు, చేతిలో పోగు నడిపే నాడె నిలిచిపోతుంది.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలమది. ఇంటర్ పరీక్షలు లేకుండా పోయాయి. తండ్రి పడకేసినప్పటి నుంచీ మగ్గం మీద ఆమే కూర్చుంటోంది. మగ్గమే కాదు, గద్వాలలో వాళ్లుండే ఆ ఇల్లు కూడా సావుకారి శివశంకర్‌దే. పెళ్లివాళ్లకు చీర అందించాలని ఆయన రోజూ వాకిట్లో నిలబడి చూసి పోతున్నాడు. మాస్కు దించకుండా ఒకటే మాట.

"ఒట్టి జరమే అని చెప్పున్రి. కరోనా అని తెలిసిందంటే మన గల్లీ చీర ఎవ్వడు ముట్టడు."

తల్లి లలితమ్మ ఆ మాట జవదాటలేదు. కషాయం కాచి పోసింది. దగ్గు బయటికి వినబడకుండా తలుపులు మూసింది.

ఆ మధ్యాహ్నం దగ్గు ఆగిపోయింది. నవనీత లోపలికి పరుగెత్తింది. తండ్రి గోడకు చేరగిలబడి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పెదవులు నల్లబడ్డాయి.

"అమ్మా, దవాఖానకు తీస్కపోదాం లే!"

"సావుకారి మగ్గం, ఇల్లు గుంజుకుంటే యాడ ఉంటం బిడ్డా? జర పొద్దు గూకనీ. ఎవ్వరు చూడకుండ పోదాం."

"అందాంక నాయిన ఉండడే!"

అంబులెన్సుకు ఫోను కలవలేదు. ఆటోలు తిరగడం లేదు. పక్కింటి భీమమ్మ కూరగాయల బండి గోడవారన ఖాళీగా ఉంది. అడిగితే, "తీస్కపో తల్లీ" అని కిటికీలోంచే అంది. తలుపు మాత్రం తీయలేదు. తల్లీకూతుళ్లు ఆయన్ను మోసుకొచ్చి బండి మీద పడుకోబెట్టారు.

గల్లీ మొదట్లో శివశంకర్ అడ్డం నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్ పిల్లా? ఎనకకు తిప్పు. నీ ఒక్కదానితోని అందరి బతుకులు బజార్ల పడ్తయ్!"

అది అబద్ధం కాదని నవనీతకు తెలుసు. ఇరువైపులా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు మాటున, మూసిన తలుపుల వెనక, ఎవరో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు.

"తిప్పను మామా." ఆమె బండిని గట్టిగా పట్టుకుంది. తర్వాత గల్లీ అంతా వినబడేలా అరిచింది. "మా నాయినకు కరోనా వచ్చింది! దవాఖానకు తీస్కపోతున్న. మీ ఇండ్లల్ల ఎవరికన్న గిట్లనే ఉంటే దాసిపెట్టకున్రి! జరుగున్రి, తోవ ఇయ్యిన్రి!"

"రేపే ఇల్లు ఖాళీ చెయ్యాలె!" అంటూనే శివశంకర్ గోడవైపు తప్పుకున్నాడు.

ఒకదాని తర్వాత ఒకటి మగ్గాలు ఆగిపోయాయి. లలితమ్మ ఒక చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి బండికి వేసింది. ఇద్దరూ తోశారు.

వెనక ఒక తలుపు కిర్రుమంది.

"నవనీతా! జర ఆగు బిడ్డా!" జమ్ములమ్మ తన ముసలి అత్తను భుజాన వేసుకుని గడప దాటింది. "ఈమెను గూడ ఎక్కించుకుంటవా?"

నవనీత బండిని చూసింది. ఒక్క మనిషికే చాలీచాలని బండి.

దాని మీద బాలకిష్టయ్య, ఊపిరి కోసం ఎగపోస్తూనే, కాళ్లు ముడుచుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు.