పోయొస్తనన్న ప్రింటరు

లక్ష్మీకాంతరావు సార్‌కు కంప్యూటర్లో వచ్చిన విద్య ఒక్కటే. ఫైల్లో ఒక మాట ఉన్న చోటల్లా ఇంకో మాట పెట్టడం. ఆ మాత్రం దానికే కరీంనగర్ బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ తెరిచి, బోర్డు మీద 'సిస్టమ్స్ సైంటిస్ట్' అని రాయించుకున్నాడు. భూములున్న ఇంటివాడు, అడిగేదెవరు?

ఆ సెంటర్లో కెర్నల్ అనే ప్రోగ్రాం రాసింది మాత్రం అక్కడ పనిచేసే నేను, నర్మదను. రెండేళ్లు రాశాను. ఒక్క కంప్యూటర్ లోపల రెండు కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తుంది అది. లోపలి రెండూ దేనికది తనే అసలు మిషన్ననుకుంటుంది, అచ్చం మా సార్ లాగే. బయట ప్రింటరు మాత్రం ఒక్కటే. మొదటిదాని నుంచి విడదీసి రెండోదానికివ్వాలి. చెప్పకుండా గుంజితే వాడుతున్న మిషన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. అందుకే విడదీసేటప్పుడు ఒక మాట పెట్టాను. 'పోయొస్త' అంటే కాసేపే ఆగింది, ప్రింటరు ఇంకా పాతదాని పేరు మీదే ఉందని. 'పోయింది' అంటే పూర్తిగా విడిపోయింది, రెండోది తీసుకోవచ్చని. ఆ రోజుల్లో తెర మీద తెలుగు రాదు గనక ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసేదాన్ని.

1998 మే నెలలో హైదరాబాద్ నుంచి అజీముద్దీన్ గారనే ఇంజనీరు దాన్ని చూడడానికి వస్తానన్నారు. నచ్చితే, రాసినవాళ్లకు వాళ్ల కంపెనీలో ఉద్యోగం. మరి ప్రోగ్రాం మొదటి పేజీలో రాసినవాళ్లుగా ఎవరి పేరుంది? లక్ష్మీకాంతరావు! నా పేరేదని అడిగాను.

"ఆడివిల్ల రాసిందంటే ఎవరు నమ్ముతరు నర్మదా? నవ్వుతరు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఉద్యోగం నాది. నా చేతుల మీదుగానే ఆయనకు పోతోంది.

అజీముద్దీన్ గారు వచ్చే రోజు పొద్దున ఒకసారి నడిపి చూస్తుంటే, తెర మీద 'పోయింది' అని పడింది. సార్ ఉలిక్కిపడ్డాడు.

"గిదేం మాట! పెద్దమనిషి వచ్చే పూట పోయింది అంటవా? మా ఇంట్ల బజారుకు పోయేటోడు గూడ పోత అనడు, పోయొస్త అంటడు!"

"సార్, గది ఊకె కనబడే మాట కాదు. కెర్నల్ గా మాట చదివినంకనే ప్రింటర్‌ను విడుస్తది. ముట్టకుండ్రి."

"సరే తియ్యి, పోయి బిస్కిట్లు పట్కరా."

నేను తిరిగొచ్చేసరికి అజీముద్దీన్ గారు కుర్చీలో ఉన్నారు. "రెండేండ్లు కంటికి నిద్ర లేకుండ రాసిన సార్" అని మా సార్ చెప్పుకుంటున్నాడు. బిస్కిట్ల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డాను. మొదటి మిషన్ ఒక పేజీ అచ్చేసింది. ఇక ప్రింటరు రెండోదానికి పోవాలి. తెర మీద 'పోయొస్త' అని పడింది.

నేను బిస్కిట్లకు పోగానే ఉన్న ఒక్క విద్యా ప్రయోగించాడు మహానుభావుడు! మాటల ఫైలు తెరిచి 'పోయింది' ఉన్న చోట 'పోయొస్త' పెట్టేశాడు. ఇంకేం, రెండో మిషన్ అడుగుతూనే ఉంది, కాగితం ఇంచు కదలలేదు.

"ఏమైంది రావ్‌సాబ్? జర చూడుండ్రి" అన్నారు అజీముద్దీన్ గారు.

సార్ నాలుగు బటన్లు నొక్కాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. తర్వాత వేలు నా వైపు తిప్పాడు.

"నాకేం తెలువది సార్! మొదటి నుంచి ఆఖరి దాక గీ పిల్లనే రాసింది. నేను ఒక్క అచ్చరం ముట్టలే."

"గట్లనా? అయితే గదే కాగితం మీద రాసియ్యుండ్రి. తప్పు ఎవరిదని రేపు మా ఆఫీసుల నన్ను అడుగుతరు."

సార్ గబగబా రాశాడు. సంతకం పెట్టి, సెంటర్ ముద్ర కూడా గుద్దాడు. అజీముద్దీన్ గారు ఆ కాగితం నా చేతికిచ్చారు.

"నిజమేనా అమ్మా?"

"నిజమే సార్. ఆఖరి ముక్క తప్ప."

పళ్లెం సార్ చేతిలో పెట్టి కుర్చీలో కూర్చున్నాను. మాట సరిచేసి, మిషన్ మళ్లీ నడిపించాను. ఈసారి మొదటిది ప్రింటర్‌ను విడిచింది, రెండోది అందుకుని గరగరా అచ్చేయడం మొదలుపెట్టింది. అరగంట సేపు అజీముద్దీన్ గారు అడిగినవన్నీ చెప్పాను. చివరికి ఆయన పెన్ను తీసి, "ఉద్యోగానికి పేరెట్ల రాయాలె అమ్మా, ఇంటిపేరుతోనా?" అని అడిగారు.

సార్ నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

"నర్మదా, గా కాగితం జర ఇటియ్యి. తారీకు తప్పు పడ్డది."

"ఫికర్ చెయ్యకుండ్రి సార్" అన్నాను. "తప్పంత నాదేనని మీరే రాసిచ్చిండ్రు గద, నా దగ్గర్నే ఉండనియ్యుండ్రి."